పరాయివాళ్ళు నింపిన తూటా

లూయిస్‌టౌన్, మోంటానా
1993 మార్చి

చిన్నదానా,

ఫోన్ ఎందుకు ఎత్తవని మళ్ళీ అడిగావు. ముప్పయ్యేళ్ళు బడిపిల్లల అరుపులూ, అంతకు రెట్టింపు కాలం తుపాకుల మోతా విన్న చెవులు నావి. నువ్వు ఫోన్‌లో "బాగున్నావా" అంటే నాకు "బావున్నాడా" అని వినిపిస్తుంది. మీ బావ హార్లన్ పోయి ఆరేళ్ళయింది, ఏమని చెప్పను? ఉత్తరమే రాయి. చదవడానికి కళ్ళింకా నా మాట వింటున్నాయి.

సంగతేమిటంటే, నా పుట్టినరోజుకి మనవరాలు బ్రిట్ ఒక ప్రెస్సు పంపింది. లెఫ్సా రొట్టెలు ఒత్తేది కాదు, తూటాలు నింపేది. డెబ్బై ఎనిమిదేళ్ళ మామ్మకి శాలువా పంపకుండా ఇనప సామాను పంపినందుకు దాని పేరు వీలునామాలో ఇంకో మెట్టు పైకెక్కించాను.

మీ బావ పాత ప్రెస్సు గుర్తుందిగా. ఒక్కో లాగుడుకి ఒక్కో పని. కాల్చేసిన ఇత్తడి తొడుగుని సరిచేసి, మందుకి నిప్పంటించి పేలిపోయిన ప్రైమర్ ఊడగొట్టి కొత్తది పెట్టడానికి ఒకసారి, మందు పోయడానికి ఒకసారి, సీసపు గుండు కూర్చోబెట్టడానికి ఒకసారి, అంచు నొక్కడానికి ఇంకోసారి. ఒక పెట్టె నిండేలోపు కాఫీ చల్లారి, వేడిచేస్తే మళ్ళీ చల్లారేది. ఈ కొత్తది అలా కాదు. కింద గుండ్రటి పళ్ళెం, దానిమీద తొడుగులు రంగులరాట్నం ఎక్కిన పిల్లల్లా వరసగా కూర్చుంటాయి. పిడి ఒక్కసారి లాగితే అన్ని తొడుగులకీ ఎవరి పని వాళ్ళకి జరిగిపోతుంది. పళ్ళెం ఒక గడి తిరుగుతుంది. చివరి గడిలోంచి పూర్తయిన తూటా టక్కుమని డబ్బాలో పడుతుంది. లాగుడుకొక తూటా!

బిగించడం మాత్రం నా ఓపిక పరీక్షించింది. దానితో వచ్చిన పుస్తకం రాసినవాడు నా తరగతిలో కూర్చుని ఉంటే ఇంకా అక్కడే కూర్చుని ఉండేవాడు. చివరికి బట్టలుతికే గదిలో బల్లకి నాలుగు చిల్లులు పొడిచి బోల్టులు బిగించాను.

ఇంత వేగం ఉన్నచోట పరధ్యానానికి కుర్చీ వెయ్యకూడదు. పళ్ళెం తిరగకుండా మొరాయిస్తే ఒక తొడుగులో మందు రెండుసార్లు పడొచ్చు. ఇంకోదాంట్లో అసలు పడకపోనూవచ్చు. అందుకే బోలు మందు తెప్పించాను. ఓట్స్ అటుకుల్లా ఉంటుంది, ఒక్క కొలతకే తొడుగు సగం దాటి నిండుతుంది. రెండోసారి పడిందా, పాలు పొంగినట్టు పొర్లి బల్లంతా పాకుతుంది. మొదటిరోజు కావాలనే చేసి చూశాను, ఊడ్చుకోవడానికి పూట పట్టింది. చూసుకోకుండా పిడి లాగే మూర్ఖులకి కూడా అర్థమయ్యే మందు అది. ఇక మందు పడనిదాని సంగతంటావా, గుండు పెట్టేముందు ప్రతి తొడుగులోకీ తొంగిచూస్తాను. అక్కడ మాత్రం నా కళ్ళే నాకు దిక్కు.

జులైలో ఇక్కడి గురి పోటీకి నీ ఏడాది సరుకు సిద్ధంగా ఉంటుంది. పోస్టులో పంపకూడదు కాబట్టి నువ్వే వచ్చి మోసుకుపో.

మీ అక్క
ఆర్డిస్


గ్రేబుల్, వయోమింగ్
ఏప్రిల్

అక్కా,

నీ ఉత్తరం మా ఆయన గేలెన్ రెండుసార్లు చదివించుకున్నాడు. "లాగుడుకొకటా! మీ అక్క తూటాలు చేస్తోందా, పేలాలు వేయిస్తోందా?" అన్నాడు. అది టీవీ చూస్తూ చేసుకోవచ్చా అని అడగమన్నాడు. వేళాకోళానికే అనుకో.

ఇక్కడ గాలి తగ్గలేదు. ఆరేసిన దుప్పటి పక్కింటి ఆవు మీద వాలింది. ఆవు దాన్ని రోజంతా ఇల్లాలిలా కప్పుకుని తిరిగింది. రూబార్బ్ మొలకలొచ్చాయి. గేలెన్ ఈమధ్య గరాజు వదలడం లేదు, ఏదో కొత్త బల్ల కొడుతున్నాడు. పక్షులకి గూళ్ళు చేస్తాడట. నన్ను లోపలికి రానివ్వడం లేదు, పూర్తయ్యాక చూద్దువుగాని అంటాడు. పెళ్ళయిన మూడేళ్ళలో ఆయన ఒక పని ఇంత శ్రద్ధగా చేయడం ఇదే మొదలు, అందుకని నేనూ కదపలేదు.

వయసు మళ్ళాక దొరికిన మనిషి అక్కా. ఇంట్లో ఇంకొకళ్ళ దగ్గు వినబడితే ఎంత ధైర్యమో నీకు చెప్పక్కర్లేదు.

నీ
లవాన్


లూయిస్‌టౌన్
జులై

చిన్నదానా,

నువ్వు కారెక్కి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. ఫ్రిజ్‌లో నువ్వు వదిలిన ఆకుపచ్చ జెల్లీ సలాడ్ ఇంకా వణుకుతోంది, నన్ను చూసి కాబోలు.

ముసలివాళ్ళ జట్ల పోటీలో మళ్ళీ మనదే గెలుపు. మా క్లబ్బు ఇనెజ్ అయితే, "మీ ఇద్దరిలో ఒకళ్ళయినా త్వరగా పోతే మాకూ ఓ కప్పు దక్కుతుంది" అంది. నీకంటే నేనే పెద్దదాన్ని, వరస ప్రకారం ఆశపడమన్నాను.

నాన్న రివాల్వర్ ఈ ఏడాది నీ వంతు. నూనె పెట్టే ఇచ్చాను. ఆయన ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చిపోయాడు, కొట్టుకుంటామనో కలిసుంటామనో తెలియదు. ఏడాది నీదగ్గర, ఏడాది నాదగ్గర, ఇన్నాళ్ళూ దానికి ఒక గీత పడలేదు.

మీ ఆయన గురించి ఒక మాట. చర్చి వాళ్ళు పెట్టిన భోజనాల దగ్గర నా పక్కన చేరి, "వదినగారూ, మీ తూటాలు మరీ మెత్తనండీ. ముసలమ్మ తుమ్మినట్టు పేలతాయి" అన్నాడు.

"ముసలమ్మ తుమ్మినా చిల్లు నడిమధ్యనే పడింది కదా నాయనా. నీ దగ్గు ఎక్కడ పడిందో చూసుకో, పక్కవాడి గురి అట్ట మీద" అన్నాను.

నవ్వాడు. నవ్వితే బాగుంటాడు, ఒప్పుకుంటాను. "ఏమైనా మీ పెట్టె మీద మీ పేరుంటే చాలండీ, మా గ్రేబుల్ క్లబ్బులో కూడా ఎవరూ మూత తీసి చూడరు. ఇంకొకళ్ళ తూటా అయితే చెయ్యి వెయ్యరు" అన్నాడు. వచ్చే క్లబ్బు ఎన్నికల్లో గురిమైదానానికి భద్రత చూసే పెద్దగా నిలబడతానని కూడా చెప్పాడు. మందు వాసనకంటే పదవి వాసన తలకెక్కుతుంది, జాగ్రత్తగా చూసుకో.

నాన్న ఏం చెప్పేవాడు? "పరాయివాళ్ళు నింపిన తూటా కాల్చకండే. ఇంకొకరి పళ్ళబ్రష్షు వాడినా బతుకుతారు, ఇంకొకరి తూటా వాడితే చెప్పలేం." క్లబ్బులో అందరూ పాటించే మాటే, బాగా నమ్మినవాళ్ళ పెట్టెకి తప్ప. ఇన్నేళ్ళుగా నువ్వు నా తూటాలే కాలుస్తున్నావంటే అది ఎంత పెద్ద మాటో నీకు తెలుసా? నాకు తెలుసు. అందుకే పిడి లాగేటప్పుడు రేడియో కూడా పెట్టను.

మీ అక్క


గ్రేబుల్
సెప్టెంబర్

అక్కా,

కూర్చుని చదువు. పక్కన ఎవరైనా ఉంటే ఉండమను.

ఆదివారం గేలెన్ మా కట్టెల కొట్టం దగ్గర డబ్బాలు పెట్టి కాలుస్తున్నాడు, నాన్న రివాల్వర్‌తో. నేను వంటింట్లో ఉన్నాను. మోత వేరుగా వినబడింది. బయటికి పరిగెత్తేసరికి మోకాళ్ళమీద ఉన్నాడు, చేతినిండా రక్తం. రివాల్వర్ పేలిపోయింది అక్కా. కుడిచేతి బొటనవేలు సగానికి పోయింది. బిల్లింగ్స్ ఆసుపత్రికి తీసుకుపోయారు. కన్ను దక్కింది, దేవుడి దయ.

ఆయన ముందు పెట్టుకున్నది నీ పెట్టె. తూటా నీ పెట్టెలోంచి తీసిందే. నేను నిన్నేమీ అనడం లేదు. ఆయనా అనడం లేదు. కొత్త ప్రెస్సు కదా, ఎవరికైనా జరుగుతుంది.

రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను.

లవాన్


లూయిస్‌టౌన్
సెప్టెంబర్

లవాన్,

నీ ఉత్తరం నిలబడే చదివాను. తర్వాత కూర్చున్నాను.

గేలెన్‌కి నా తరఫున ఏం చెప్పాలో తెలియడం లేదు. క్షమించమనే మాట నేను పిల్లల చేత చెప్పించడమే కానీ చెప్పడం అలవాటు లేదు. చెబుతున్నాను. రాలేను, ఈ కళ్ళతో అంతదూరం కారు నడపలేను. బ్రిట్ వచ్చినప్పుడు తీసుకురమ్మంటాను.

ప్రెస్సు విప్పాను. ప్రతి ముక్కా తుడిచి, మళ్ళీ బిగించి, ఖాళీ తొడుగులతో పొద్దస్తమానం తిప్పి చూశాను. పళ్ళెం ఒక్కసారి కూడా తప్పలేదు. యంత్రం తప్పలేదంటే తప్పింది నేనన్నమాట. తొంగిచూశాననుకుని ఒక్కదాంట్లోకి చూడకుండా వదిలేశానేమో. ఇంటి దగ్గర మిగిలిన తూటాలన్నీ విప్పేశాను. అన్నిట్లోనూ మందు సరిగానే ఉంది. దానివల్ల నాకేమీ ఊరట లేదు, తప్పిన ఒక్కటీ నీ దగ్గరికి వచ్చి ఉంటుంది కదా.

ఒక్కటి మాత్రం చూసి రాయి. రివాల్వర్ రెండు రకాలుగా చస్తుంది. మందు రెండింతలు పడితే, ఆరు తూటాలు కూర్చునే సిలిండర్ పుచ్చకాయలా విచ్చుకుని పైసగం ఎగిరిపోతుంది. అదే అయితే నాది కాదు. నా బోలు మందు రెండింతలు తొడుగులో పట్టదు, ముందే రాశాను. మందు అసలు పడకపోతే వేరు. ప్రైమర్ పేలిన ఊపుకి గుండు బ్యారెల్ గొట్టం మధ్యదాకా వెళ్ళి ఇరుక్కుంటుంది, వెనకొచ్చిన గుండు దాన్ని గుద్దుతుంది. అప్పుడు సిలిండర్ చెక్కుచెదరదు, బ్యారెల్ ఉబ్బుతుంది. అదైతే నాదే, ఇంకెవరిదీ కాదు.

ఏది పోయింది, సిలిండరా, బ్యారెలా? ఈ ముసలిదానికి ఆ ఒక్క ముక్క తెలిస్తే చాలు. నేను ఏ దారిలో నడవాలో దానిమీదే ఉంది.

అక్క


గ్రేబుల్
అక్టోబర్

అక్కా,

ఆలస్యమైంది, ఏమనుకోకు. కట్లు మార్చడం, కూర ముక్కలు కోసి పెట్టడం, చొక్కా గుండీలు పెట్టడం, అంతా నేనే కదా.

బ్యారెలే అక్కా. కప్పని మింగిన పాములా మధ్యలో ఉబ్బింది. సిలిండర్‌కి ఏమీ కాలేదు. నువ్వు రాసినట్టే.

నిన్ను నువ్వు తినేసుకోకు. రివాల్వర్ పంపమని అడుగుతావని తెలుసు, కానీ గేలెన్ దాన్ని చూడలేక బిగ్‌హార్న్ నదిలో పారేశాడు. నాన్న గుర్తు పోయిందని నాకూ ఏడుపొచ్చింది.

ఇంకొకటి, అడగడానికి మొహం చెల్లడం లేదు. మా క్లబ్బు కమిటీ వాళ్ళు ఊరుకోవడం లేదు. ఎవరి తూటా, ఎలా జరిగింది అని అడుగుతున్నారు. ఎన్నికలు దగ్గరపడ్డాయి. భద్రత చూడాల్సినవాడి చేతిలోనే తుపాకి పేలిందంటే మాటలు వస్తాయిగా. తప్పు నింపడంలో జరిగిందని నువ్వొక్క కాగితం రాసిస్తే ఆయన దారి ఆయనది. నీకిక్కడ ఎవరూ తెలియదు కదా, నీకు పోయేదేముంది?

లవాన్


లూయిస్‌టౌన్
నవంబర్

లవాన్,

నువ్వడిగిన కాగితం ఇందులోనే ఉంది. చేవ్రాలు కూడా చేశాను.

పోయేదేముందని అడిగావు. నీకు చెప్పకపోతే ఇంకెవరికి చెప్పను? గ్రేబుల్‌కీ లూయిస్‌టౌన్‌కీ మధ్య కొండలున్నాయి గానీ నోళ్ళకి కొండలడ్డమా. నీ ఉత్తరం వచ్చి వారం తిరగకముందే ఇక్కడా తెలిసింది. ఇనెజ్ నా తూటా పెట్టెలు తిరిగి తెచ్చి ఇచ్చింది, ఒక్కటీ తెరవనివి. పైన యాపిల్ పై పెట్టి మరీ ఇచ్చింది. "నీమీద నమ్మకం లేక కాదు ఆర్డిస్, మా మనవలు కూడా కాలుస్తారు కదా" అంది. తప్పు పట్టలేను. ఆమె చోట నేనుంటే పై కూడా ఇచ్చి ఉండేదాన్ని కాదు.

శనివారాలు బడిపిల్లలకి చెప్పే గురి పాఠం నేనే మానేశాను, వాళ్ళు మానమనేలోపు. క్లబ్బు గోడమీద తూటాలు నింపేవారి పేర్లలో నాది పైన ఉండేది. వాళ్ళు తీసేలోపు అది కూడా నేనే చెరిపాను, ముక్కాలిపీట ఎక్కి. ఎవరో వచ్చి పీట పట్టుకున్నారు పడిపోతానని. ఆ మర్యాద దగ్గరే నాకు కన్నీళ్ళొచ్చాయి.

ప్రెస్సు విప్పి గోనె కప్పి కొట్టంలో పడేశాను. బల్లకి నాలుగు చిల్లులు మిగిలాయి. మేజోళ్ళు మడతపెడుతుంటే వేళ్ళు వాటిమీదకే పోతున్నాయి.

వయసైపోయిందని ఎవరైనా అంటే ఇన్నాళ్ళూ వాళ్ళ నోరు మూయించాను. ఇప్పుడు అద్దంలో నేనే అంటున్నాను.

గేలెన్ వేలు ఎలా ఉంది?

అక్క


గ్రేబుల్
1994 జనవరి

అక్కా,

కొత్త సంవత్సరం శుభాకాంక్షలు! ఇక్కడ గుమ్మాలు మునిగేంత మంచు. నువ్వు పంపిన చోక్‌చెర్రీ జామ్ ఒక సీసా అప్పుడే అయిపోయింది, గేలెన్ చెంచాతో తినేస్తున్నాడు. వేలు మానింది. "ఇప్పుడు అప్పడిగినవాడికి బొటనవేలు చూపించినా సగమే" అని నవ్విస్తాడు.

చెప్పడం మరిచాను, ఎన్నికల్లో గెలిచాడు! ఇప్పుడు గురిమైదానానికి ఆయనే పెద్ద. నారింజ రంగు కోటు ఇచ్చారు. ఇంట్లో కూడా విప్పడం లేదు. నీ కాగితం చాలా ఉపయోగపడింది, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

మొన్న ఒక విచిత్రం. కట్టెల కొట్టం మీద మంచు తోస్తుంటే చూరులో ఏదో ఇనుము మెరిసింది. పీకితే ఏముంది, నాన్న రివాల్వర్ సిలిండర్ పైసగం! దూలంలోకి అంత లోతుకి దిగింది. అదే కాస్త ఇటుగా వచ్చి ఉంటే తల ఉండేది కాదు. గేలెన్ దాన్ని తోమి, మేకు కొట్టి, తాళాలు తగిలించుకోవడానికి వాకిట్లో పెట్టాడు. నాన్న గుర్తు ఒక్క ముక్కైనా ఇంట్లో మిగిలిందని నాకూ సంతోషమే.

నువ్వు మళ్ళీ నవ్వుతూ రాయాలి. గడిచింది గడిచింది.

నీ
లవాన్


లూయిస్‌టౌన్
ఫిబ్రవరి

లవాన్,

ఉబ్బిన బ్యారెల్ సిలిండర్ సగాన్ని దూలంలోకి ఎలా దించింది?

అక్టోబర్‌లో "సిలిండర్‌కి ఏమీ కాలేదు" అని రాశావు. ఆ ఉత్తరం బల్లమీదుంది, జనవరిది దాని పక్కనే ఉంది. రెండూ నీ చేతిరాతే.

ముప్పయ్యేళ్ళు పరీక్షలు పెట్టాను. ప్రశ్నాపత్రంలోనే జవాబు అచ్చువేసి పంచిన టీచర్ని మాత్రం ఇప్పుడే చూస్తున్నాను. ఏది పోతే నాది, ఏది పోతే కాదు, అంతా విడమరిచి నేనే రాశాను. నేను చూసి రాయమంటే, చూసి రాశావు, తుపాకిని కాదు, నా ఉత్తరాన్ని.

బ్యారెల్ ఉబ్బితే బొటనవేలు ఎందుకు పోతుందని అప్పుడే అడగాల్సింది. అడగలేదు. నా చెల్లెలు చెప్పింది కదా అనుకున్నాను.

సెప్టెంబర్ ఉత్తరం కూడా మళ్ళీ చదివాను. "నీ పెట్టె" అన్నావు. "నీ పెట్టెలోంచి తీసింది" అన్నావు. "నీ తూటా" అని ఒక్కచోట కూడా లేదు. అంత జాగ్రత్తగా రాసే చెయ్యి నీకుందని బళ్ళో తెలిసుంటే వ్యాసరచనలో బహుమతి ఇప్పించేదాన్ని.

ఆ పెట్టెలో ఎవరి తూటాలున్నాయి?

ఆర్డిస్


గ్రేబుల్
మార్చి

అక్కా,

ఈ ఉత్తరం ఎన్నిసార్లు చింపానో.

గరాజులో పక్షిగూళ్ళు లేవు. నీ ఉత్తరం చదివిన నెలలోనే గేలెన్ అలాంటి ప్రెస్సే తెచ్చుకున్నాడు. నీలా బోలు మందు కాదు, సన్నటి పొడి మందు, చిటికెడు చాలంటాడు, ఒక డబ్బా ఎన్నాళ్ళో వస్తుందంటాడు. ఆ చిటికెడు రెండుసార్లు పడినా తొడుగు అడుగునే ఉంటుంది, పైకి తెలియదట. గరాజులో టీవీ పెట్టుకున్నాడు. బేస్‌బాల్ చూస్తూ పిడి లాగేవాడు. నేను ఒకటి రెండుసార్లు అన్నాను, "అక్క రేడియో కూడా పెట్టదట" అని. "మీ అక్క తూటాలకి ప్రార్థన కూడా చేస్తుందిలే" అన్నాడు.

చేసినవి నీ ఖాళీ పెట్టెల్లో సర్దుకునేవాడు. నీ పేరున్న పెట్టె ఎవరూ మూత తీసి చూడరుగా. ఆ సంగతి నాకు ఆగస్టులోనే తెలుసు. తెలిసి ఊరుకున్నాను.

ఆసుపత్రిలో ఆయన నా చెయ్యి పట్టుకుని, "నాదని తెలిస్తే ఇక క్లబ్బు గడప తొక్కనివ్వరు" అన్నాడు. పెద్దమనిషి పసిపిల్లాడిలా ఏడ్చాడు. నువ్వే అడిగావు కదా, సిలిండరా బ్యారెలా అని. జవాబు ఒక్క మాట. రాసేశాను. రాశాక వెనక్కి తీసుకోవడం రాలేదు.

ఇంకోటీ చెప్పేస్తాను. రివాల్వర్ నదిలో పారేసింది గేలెన్ కాదు. వంతెన మీంచి నేనే విసిరాను, నువ్వు పంపమంటావని.

నీకు చదువుంది, పేరుంది, ఊళ్ళో సగంమంది నీ దగ్గర చదివినవాళ్ళే. నీకు కాస్త మచ్చపడినా నిలబడతావనుకున్నాను. నాకు ఈ ఇల్లూ, ఈ మనిషీ తప్ప ఏముంది అక్కా? ఈ వయసులో ఇంకో ఇల్లు ఎక్కడ వెతుక్కోను?

కమిటీకి రాయకు. నీ కాళ్ళు పట్టుకుంటాను. జులైలో వస్తాను, ఎప్పటిలాగే ఇద్దరం కలిసి కాలుద్దాం. నీ తూటాలే కాలుస్తాను.

నీ చిన్నది


లూయిస్‌టౌన్
ఏప్రిల్

లవాన్‌కి,

నిలబడతాననుకున్నావు. నిలబడ్డాను, ముక్కాలిపీట మీద, నా పేరు నేనే చెరుపుకుంటూ. బలంగా ఉన్నవాళ్ళ మీద బరువు పడేస్తే తప్పు కాదని ఎవరు చెప్పారు నీకు? గాడిద మీద బస్తా వేసేవాడు కూడా ముందు ఒకసారి వీపు నిమురుతాడు.

ఈ శీతాకాలమంతా నేను నా కళ్ళని నమ్మలేదు. కాఫీలో చక్కెర వేశానో లేదో రెండుసార్లు రుచి చూశాను. పొయ్యి ఆర్పానా అని వీధి చివరి నుంచి వెనక్కి వచ్చాను. బ్రిట్ వాళ్ళ పాప వస్తే ఎత్తుకోలేదు, ఎక్కడ జారవిడుస్తానో అని. నా ఒంట్లో చెడిపోయింది ఏదీ లేదని నీకు తెలుసు. తెలిసి జామ్ సీసా ఖాళీ చేశారు ఇద్దరూ.

రివాల్వర్ సంగతి రాయను. దాని గురించి రాస్తే నా భాష పాడవుతుంది.

కమిటీకి రాయొద్దన్నావు. నా పేరు కోసమే అయితే రాసేదాన్ని కాదేమో, నిజంగానే. పరువు లేకుండా ఎలా బతకాలో ఆరు నెలలు సాధన చేశాను, కాస్త పట్టుబడింది. కానీ నారింజ కోటు వేసుకుని నీ మొగుడు ఇప్పుడు ఆడవాళ్ళ వెనకా పిల్లల వెనకా నిలబడి, "భయంలేదు, కాల్చండి" అంటున్నాడు. గరాజులో ఆ టీవీ ఇంకా వెలుగుతూనే ఉందో లేదో నువ్వు రాయలేదు. నా పేరున్న పెట్టెలు ఇంకా ఎన్ని చేతుల్లో ఉన్నాయో అదీ రాయలేదు. ఇది అక్కాచెల్లెళ్ళ గొడవ అయితే మన మధ్యే ఉంచేదాన్ని. ఇంకో బొటనవేలు, ఇంకో కన్ను మన మధ్య లేవు.

కమిటీకి ఉత్తరం రాసేశాను. కవరు అంటించాను. నీకు రాసిన ఈ ఉత్తరం శనివారం పోస్టులో వేస్తున్నాను. వాళ్ళది సోమవారం. మధ్యలో ఉన్న సమయం నీది. ముందు నువ్వే వెళ్ళి చెబితే, నాది చేరేసరికి వాళ్ళకి పాత వార్త అవుతుంది. చెప్పకపోతే నాదే కొత్త వార్త. ఇంతకంటే అక్కతనం నా దగ్గర మిగల్లేదు. ఇదీ అడుగున గోకి తీసిందే.

కొట్టంలోంచి ప్రెస్సు తెచ్చాను. బల్లకి చిల్లులు అలాగే ఉన్నాయి, బోల్టులు వాటి చోటు వెతుక్కోనక్కర్లేకుండా దిగాయి. నిన్న మొదటి పెట్టె నింపాను. ప్రతి తొడుగులోకీ చూశాను, చూసింది నమ్మాను. ఇనెజ్ వచ్చి గుమ్మంలో నిలబడి ఆ చప్పుడు వింది. వెళ్తూ వెళ్తూ ఒక పెట్టె చంకలో పెట్టుకుపోయింది. ఈసారి పై తేలేదు.

జులైలో వస్తానన్నావు. రా. గురిమైదానం ఎవరి సొత్తూ కాదు, నీ వంతు వచ్చినప్పుడు నీ చోట నువ్వు నిలబడతావు, నా చోట నేను. భోజనాల దగ్గర నీ జెల్లీ సలాడ్ నా పళ్ళెంలో వెయ్యకుంటే చాలు.

నాన్న చెప్పింది నీకు గుర్తుందో లేదో, పరాయివాళ్ళు నింపిన తూటా కాల్చకండే అన్నాడు. పరాయివాళ్ళంటే ఎవరో ఆయన చెప్పలేదు. ఇంట్లో ఇద్దరమే కదా, చెప్పక్కర్లేదనుకున్నాడు.

నీ పెట్టె నువ్వు తెచ్చుకో.

ఆర్డిస్ టోలెఫ్‌సన్